తొట్టిలో ఏం పడింది?

మచ్చ బొల్లారం లాంటి హైదరాబాద్ శివార్లలో హోటళ్ళ మిగులు తిండే పందులకు మేత. డ్రమ్ములో ఇవాళ బిర్యానీ అన్నం, రేపు నూనె తేలే కూర, ఎల్లుండి పెళ్ళిభోజనం. తరతరాలుగా పందుల్ని సాకుతున్న ఎరుకలవాళ్ళు తొట్టిలో పోయడమే ఆలస్యం, ఖాళీ. అన్నానికి అమైలేజ్ కావాలి, మాంసకృత్తులకు ట్రిప్సిన్, కొవ్వుకు లైపేజ్. మూడూ ప్రధానంగా క్లోమమే పంపాలి. తొట్టిలో ఏం పడిందో దానికెవరు చెబుతారు?

ఈ ప్రశ్నను పట్టుకున్నవాడు రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్. కుక్కలకు తిండి మారిస్తే క్లోమరసమూ మారుతుందని ఆయన ప్రయోగశాల తేల్చింది. అది 1897లో పుస్తకంగా వచ్చింది. కబురు మోసేవి నరాలేనని పావ్లోవ్ నమ్మకం.

1902 జనవరిలో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఆ నమ్మకాన్ని కదిపారు. కుక్క చిన్నపేగులో ఒక భాగానికి నరాలు తెంపేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం ఊరింది. పేగు లోపలి పొరను గీకి, ఇసుకా ఆమ్లమూ కలిపి నూరి, వడగట్టి రక్తంలోకి ఎక్కించారు. మళ్ళీ ఊరింది. క్లోమరసాన్ని ఊరించిన ఆ పేగు పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. పావ్లోవ్ తన దగ్గరా ఆ ప్రయోగం చేయించి, ఓటమి ఒప్పుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

తర్వాత కథ పందిదే. స్టాక్‌హోంలో యోర్పెస్, ముట్ అనే పరిశోధకులు కబేళాల పంది పేగుల్ని ఉడికించి సెక్రెటిన్‌నూ, కొలెసిస్టోకైనిన్ అనే మరో పేగు హార్మోన్‌నూ శుద్ధిచేశారు. సెక్రెటిన్‌లో 27 అమైనో ఆమ్లాలు, కొలెసిస్టోకైనిన్‌లో 33.

తిన్న వెంటనే రసం ఊరడం వేరు, రోజుల తరబడి ఎంజైముల పాళ్ళు మార్చుకోవడం వేరు. ఈ రెండోదాన్ని 1970లలో ఫ్రాన్స్‌లో కొరింగ్ అనే పరిశోధకుడు పందుల్లో పరిశీలించాడు. మేత మార్చాక క్లోమం సర్దుకోవడానికి దాదాపు వారం పడుతుంది. మాంసకృత్తుల ఎంజైములు పెరగడంలో పేగు వదిలే కొలెసిస్టోకైనిన్‌ది పెద్ద చెయ్యి. కొవ్వు ఎంజైము విషయంలో సెక్రెటిన్ ముందుంటుంది. పిండి ఎంజైముకు రక్తంలోని ఇన్సులిన్ తోడు. రోజుకో రకం డ్రమ్ము వచ్చే పందికి క్లోమం ఎప్పుడూ నిన్నమొన్నటి లెక్కలోనే ఉంటుందేమో!

2003లో స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు ఇంకో మెలిక చూపారు. పందిలో కొలెసిస్టోకైనిన్ నేరుగా క్లోమాన్ని తట్టడం కంటే, ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) నుంచి క్లోమానికి వెళ్ళే పొట్టి నరాల ద్వారా పని జరిపిస్తోందట. నూరేళ్ళ తర్వాత పావ్లోవ్ నరాలు మళ్ళీ తొట్టి దగ్గరికొచ్చాయి.