ఉల్యుక్కె: ఒక మాట, నాలుగు బాంబులు

డేనిష్-ఇంగ్లీష్ నిఘంటువులో 'ఉల్యుక్కె' అన్న మాట దగ్గర యాక్సిడెంట్, డిజాస్టర్, మిస్‌ఫార్చ్యూన్ అని మూడూ కనబడతాయి. ఒక వేరియబుల్‌కి ఒకే అర్థం ఉండాలని రోజూ పోట్లాడే నాలాంటి ప్రోగ్రామర్‌కి ఇది బగ్ లాగే అనిపిస్తుంది. కారు గుద్దుకున్నా ఉల్యుక్కే, విమానం కూలి వందమంది పోయినా ఉల్యుక్కే.

విడదీసి చూస్తే, 'ల్యుక్కె' అంటే అదృష్టం, సంతోషం కూడా. ముందు 'ఉ' చేరితే అది లేకపోవడం. మన దురదృష్టానికి దగ్గరి చుట్టం. ఆ మాటకొస్తే డిజాస్టర్‌ది కూడా జాతకాల పుట్టుకే. ఇటాలియన్‌లో చెడ్డ నక్షత్రం అన్న అర్థంతో మొదలై, 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. కాకపోతే ఇంగ్లీషు తర్వాత ఒక గీత గీసుకుంది: అనుకోకుండా జరిగితే యాక్సిడెంట్, పెద్దదైతే డిజాస్టర్. డేనిష్‌లోనూ పెద్దవాటికి 'కటాస్ట్రోఫె' ఉంది, కానీ ఉల్యుక్కె ఆ గీతని పట్టించుకోదు.

ఆ గీత ఎంత ఖరీదైనదో తెలియాలంటే గ్రీన్‌లాండ్‌ వెళ్ళాలి.

1968 జనవరి 21న తులే స్థావరం దగ్గర, గడ్డకట్టిన సముద్రం మీద ఒక అమెరికన్ బీ-52 కూలింది. అందులో నాలుగు హైడ్రోజన్ బాంబులున్నాయి. ఏడుగురు సిబ్బందిలో ఒకరు చనిపోయారు. అణు విస్ఫోటనం జరగలేదు గానీ, బాంబుల్లోని మామూలు పేలుడు పదార్థం పేలి ప్లుటోనియం మంచు మీద చెల్లాచెదురైంది. అమెరికన్లతో పాటు డేనిష్ కార్మికులు, గ్రీన్‌లాండ్ వాళ్ళు ఆ చీకటి చలికాలంలో దాన్ని ఎత్తిపోశారు.

అమెరికా సైన్యం భాషలో ఇది 'బ్రోకెన్ యారో', అంటే యుద్ధానికి దారితీయని అణ్వాయుధ యాక్సిడెంట్. డేనిష్‌లో 'తులే-ఉల్యుక్కెన్'. దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ళు ఏదో ఒక వైపు నిలబడాల్సిందే. యాక్సిడెంట్ అంటే కథ ఆ రోజుతోనే ముగిసిపోతుంది. కానీ ఇది ముగియలేదు. మంచు ఎత్తిన కార్మికులు తర్వాత తమ జబ్బుల గురించి ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. 1995లో ఇంకో సంగతి బయటపడింది. తన గడ్డ మీద అణ్వాయుధాలు వద్దన్నది డెన్మార్క్ బహిరంగ విధానం. అదే డెన్మార్క్ ప్రధాని హెచ్. సి. హాన్సెన్ 1957లోనే అమెరికాకి గుట్టుగా పచ్చజెండా ఊపాడు. అదే ఏడాది ప్రభుత్వం 1,700 మంది కార్మికులకి తలా 50,000 క్రోనర్లు ఇచ్చింది.

అలాగని డేనిష్ మాట నిజాయితీగా ఉందనుకోవద్దు. చిన్నదీ పెద్దదీ వేరుచేయకపోవడం దాని గొప్పే. కానీ లోపల కూర్చున్న 'అదృష్టం' ఒక సౌకర్యం కూడా. అదృష్టం బాలేకపోతే ఎవర్ని అడుగుతాం? విమానంలో మంటలు పుట్టింది గ్రహచారం వల్ల కాదు, హీటర్ గొట్టం దగ్గర పెట్టిన ఫోమ్ మెత్తల వల్ల. బాంబులు అక్కడ తిరుగుతున్నది ఒక ప్రధాని మౌనం వల్ల.

తెలుగులో దీన్ని ఏమనాలి? విపత్తు, దుర్ఘటన అన్నీ అనుకుని చివరికి రోజూ పేపర్లో చూసే 'ప్రమాదం' దగ్గర ఆగాను. మనకిప్పుడు అది యాక్సిడెంటే. సంస్కృతంలో మాత్రం దాని అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త.

నక్షత్రాన్నీ అదృష్టాన్నీ కాకుండా మనిషిని వేలెత్తి చూపించే మాట మన దగ్గరే ఉంది. దాని అర్థమే మర్చిపోయాం.