మైదానం గేటు తాళం

ప్రభుత్వానికి పైసా ఖర్చు లేకుండా ఊరి పార్కులో క్రీడా శిక్షణ కేంద్రం కట్టిస్తామని ఎవరైనా ముందుకొస్తే కాదనడానికి నోరు రాదు. పిల్లలు ఆడుకుంటారు, ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి, పేరున్న కోచ్‌లు వస్తారు, ముళ్లకంపలు పెరిగిన మూల బాగుపడుతుంది. వద్దన్నవాణ్ణి ఆటలకు శత్రువన్నట్టు చూస్తారు. అందుకే చర్చ అంతా ఖర్చెంత, భవనం ఎంత ఎత్తు, ఎన్ని చెట్లు కొట్టాలి అన్నచోటే తిరుగుతూ ఉంటుంది. ఇవి అడగవలసినవే. కానీ వీటన్నిటికంటే ముందు అడగవలసింది ఒకటుంది: కట్టడం పూర్తయ్యాక గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది? ప్రైవేటు డబ్బు పార్కులోకి రావడం వల్ల చెడు జరగదు, ఆ డబ్బుతో పాటు తాళం కూడా చేతులు మారినప్పుడే చెడు జరుగుతుందని నా వాదన. దీనికి ఊహలతో పని లేదు. మన దేశంలోనే ఈ ప్రయోగం దాదాపు నూటయాభై ఏళ్లుగా ఒకే ఊళ్లో, ఒకే గడ్డి మీద నడుస్తోంది. ఆ ఊరు బొంబాయి.

బొంబాయి కోట గోడల ముందు ఎస్ప్లనేడ్ అనే పెద్ద బయలు ఉండేది. అదేమీ జనం కోసం వదిలిన చోటు కాదు. శత్రువు వస్తే ఫిరంగి గుండుకు అడ్డం ఉండకూడదని ఈస్టిండియా కంపెనీ అక్కడ ఇళ్లు కట్టనివ్వలేదు. యుద్ధం కోసం ఖాళీగా ఉంచిన నేలను నగరం నెమ్మదిగా తనదిగా చేసుకుంది. పొద్దున సిపాయిల కవాతు, మధ్యాహ్నం పశువుల మేత, సాయంత్రం చల్లగాలికి వచ్చేవాళ్ల తిరుగుడు. ఎవరూ పట్టా రాసివ్వలేదు, అలవాటే హక్కయింది. ఆ హక్కు ఎంత పలచనిదో 1838లో తెలిసింది. ఆ ఏడు ప్రభుత్వం పశువుల మేతకు రుసుము పెట్టింది. కట్టలేని పేదల కోసం పార్సీ వర్తకుడు జంషెడ్జీ జీజీభాయ్ తన సొంత డబ్బు 20,000 రూపాయలతో ఠాకూర్‌ద్వార్ దగ్గర నేల కొని ఉచిత మేతకు వదిలాడని చెబుతారు. ఈనాటి చర్నీ రోడ్డు పేరు ఆ మేతబీటి నుంచే వచ్చిందన్నది ప్రచారంలో ఉన్న మాట. ఈ ఉదంతాన్ని ఇక్కడ కావాలనే ముందు పెడుతున్నాను. ప్రజల అవసరానికి ప్రైవేటు డబ్బు వచ్చిన సందర్భమే ఇదీనూ. కాకపోతే ఆ డబ్బు మూసుకున్న దారిని తెరవడానికి వచ్చింది. తర్వాత వచ్చిన డబ్బు వేరే పని చేసింది.

1860ల్లో కోట గోడలు కూల్చేశారు. బయలు మధ్యగా రోడ్లు పడ్డాయి. మిగిలిన ముక్కలే ఇవాళ్టి ఆజాద్ మైదానం, క్రాస్ మైదానం, ఓవల్, కూపరేజ్. అప్పటికే పార్సీ కుర్రాళ్లు తెల్ల సిపాయిల ఆట చూసి క్రికెట్ పట్టేశారు. 1848లో ఓరియంటల్ క్రికెట్ క్లబ్, 1850లో జొరాస్ట్రియన్ క్లబ్ పుట్టాయి. క్లబ్బంటే భవనం లేదు, ఉన్నదల్లా పేరూ సామగ్రీ కొంతమంది కుర్రాళ్లే. ఆట మాత్రం అందరి గడ్డి మీద. 1875లో యూరోపియన్లు అదే బయల్లో, ఇవాళ్టి ఆజాద్ మైదానం దక్షిణపు కొసన బొంబాయి జింఖానా అనే క్లబ్బు పెట్టుకున్నారు. క్రికెట్, టెన్నిస్, ఇంకా పోలో. జింఖానా సొంత గడ్డిని పోలో గుర్రాలు పాడుచేయకూడదు కదా, అందుకని పోలో కంచె బయట, పార్సీలూ హిందువులూ ఆడుకునే చోట సాగింది. గుర్రపు డెక్కలు తవ్విన నేల మీద బంతి ఎటు లేస్తుందో తెలియక కుర్రాళ్లు దెబ్బలు తిన్నారు. 1881లో వందల సంతకాలతో గవర్నరుకు అర్జీ వెళ్లింది. అందులో పెట్టిన లెక్క చాలా సూటిది: పోలో ఆడేది అరడజను మంది, క్రికెట్ ఆడేది ఐదు వందల మంది పైచిలుకు. ఎవరి సౌకర్యం ముందు? ప్రభుత్వం మొదట కుర్రాళ్ల మాట విని పోలోను కూపరేజ్‌కు మార్చమంది. అక్కడి నేల మాకు పనికిరాదని పోలో వాళ్లు మొరపెట్టుకోగానే మెత్తబడింది, గుర్రాలు మళ్లీ వెనక్కొచ్చాయి. ఈ పోరాటాన్ని షాపూర్జీ సొరాబ్జీ 1897లో పుస్తకంగా అచ్చు వేశాడు. భారత క్రికెట్ మీద తొలినాటి చరిత్ర గ్రంథాల్లో ఒకటి మైదానం హక్కు కోసం రాసిన ఫిర్యాదుగా మొదలవడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఇక్కడ జింఖానా పక్షాన చెప్పగలిగింది కూడా చెప్పాలి. వాళ్లు సొంత డబ్బు పెట్టి భవనం కట్టుకున్నారు, గడ్డి పెంచారు, మంచి పిచ్ తయారు చేశారు. ఖజానా మీద భారం వేయలేదు. ఇవాళ్టి ప్రతిపాదనల్లో కనిపించే మంచి మాటలన్నీ ఆ రోజు జింఖానాకు వర్తించేవే. అయినా ఏం జరిగింది? 1926లో అదే జింఖానా గ్రౌండులో నాగపూరు తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు కొట్టాడు. 1933 డిసెంబరులో మన నేల మీద మొదటి టెస్టు మ్యాచ్ కూడా అక్కడే జరిగింది. నాయుడే కెప్టెను, లాలా అమర్‌నాథ్ శతకం కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. ఆ రోజుల్లో ఆ క్లబ్బులో భారతీయులకు సభ్యత్వం లేదు. దేశపు కెప్టెను తన దేశపు నేల మీద, ఒకప్పుడు అందరిదైన బయలులో, అతిథిగా ఆడి వెళ్లాడు. మద్రాసులోనూ ఇదే కథ. తెలుగు దుబాసీ కుటుంబంలో పుట్టిన బుచ్చిబాబు నాయుడు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్ స్థాపించడానికి కారణం చేపాక్‌లోని యూరోపియన్ల క్లబ్బు తలుపులు మనవాళ్లకు మూసి ఉండటమే.

బొంబాయి పాలకులు కనుగొన్న పరిష్కారం సమస్యకంటే లోతుగా గాయం చేసింది. మైదానాన్ని అందరికీ తెరవడానికి బదులు అడిగిన ప్రతివాళ్లకూ ఒక్కో కంచె ఇచ్చారు. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద మొదట పార్సీ జింఖానాకు చోటు దక్కింది. మాకేదన్న ప్రశ్న రాగానే లార్డ్ హారిస్ గవర్నరుగా ఉన్న 1890ల్లో హిందువులకూ ముస్లింలకూ చెరొక ముక్క. తర్వాత కేథలిక్కులకు మరొకటి. మెరైన్ డ్రైవ్ వెంట ఇవన్నీ ఇవాళ్టికీ వరుసగా ఉన్నాయి. కంచెకు ఒక గుణముంది, లోపలా గీతలు గీస్తుంది. హిందూ జింఖానా బంతిని పల్వంకర్ బాలూకిచ్చింది. 1906లో యూరోపియన్ల మీద హిందువులు గెలిచింది ఆయన ఎడమచేతి స్పిన్ పుణ్యానే. అయినా దళితుడైనందుకు ఆ గొప్ప బౌలరుకు కెప్టెన్సీ ఎప్పుడూ దక్కలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో, ఎంతో పోరాటం తర్వాత దక్కింది. మతానికొక జట్టుగా సాగిన ఆ పోటీలు 1907లో త్రికోణం, 1912లో చతుష్కోణం, 1937 నాటికి పంచకోణం అయ్యాయి. 1940లో గాంధీజీ వద్దన్నారు. 1946తో ఆగాయి. ఆ పోటీల వెనక ఉన్న విద్వేషమంతా జింఖానాల నుంచే వచ్చిందని నేను అనను. కానీ ఎవరి చోటు వాళ్లకు పంచిపెట్టిన నేల మీద ఎవరి జట్టు వాళ్లది కావడంలో వింతేముంది?

మతం పోయి డబ్బు వచ్చినా కథ మారలేదన్నదానికి బ్రేబోర్న్ స్టేడియం సాక్ష్యం. క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా 1930ల్లో ప్రభుత్వం దగ్గర పూడిక నేల తీసుకుని, తన నిధులతో దేశంలోనే గొప్ప స్టేడియం కట్టింది. 1937లో తెరిచిన ఏడాదే సీట్ల పంపకం దగ్గర తగవు వచ్చి హిందూ జట్టు పోటీల నుంచి తప్పుకుంది. మూడు దశాబ్దాలు దాటాక మళ్లీ అదే తగవు, ఈసారి బొంబాయి క్రికెట్ సంఘంతో, టిక్కెట్ల కోసం. క్లబ్బు దిగిరాలేదు. నగరం చివరికి పిలిస్తే పలికేంత దూరంలో వాంఖడే స్టేడియం కట్టుకుంది. 1975 జనవరిలో అక్కడ మొదటి టెస్టు జరిగింది. అప్పటికే ఇరుకై ఊపిరాడని ఊళ్లో రెండు స్టేడియాలు పక్కపక్కన కట్టడానికి కారణం ఆట కాదు, తాళం.

దీనికి గట్టి అభ్యంతరం హైదరాబాదు నుంచే వస్తుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్‌కు అకాడమీ కోసం 5 ఎకరాలు లీజుకిచ్చింది. ఓ పారిశ్రామికవేత్త 5 కోట్లు ఇచ్చాడు, చాలని డబ్బుకు గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టాడు. 2008లో అకాడమీ తెరుచుకుంది. 2012 ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో పి.వి. సింధు రజతం అక్కడి కోర్టుల మీద తయారైనవే. ప్రభుత్వ భూమీ ప్రైవేటు పెట్టుబడీ కలిస్తే పతకాలొస్తాయని ఇంతకంటే రుజువేం కావాలి? నిజమే, నాకూ ఆ అకాడమీ అంటే గర్వమే. కానీ ఒక్క తేడా గమనించాలి. అది నగరం అంచున, అప్పటికి ఏ పిల్లల ఆటనూ తీసేయని నేల మీద వచ్చింది. పైగా బ్యాడ్మింటన్‌కు గాలి దూరని హాలు కావాలి, ఆరుబయట పచ్చిక అక్కర్లేదు. అలాంటి కేంద్రానికి ప్రభుత్వం భూమి ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ చోట్ల ఇవ్వాలి. ఆ వాదనను తెచ్చి, రోజూ వందలమంది నడిచే, పిల్లలు టెన్నిస్ బంతితో ఆడే పార్కుకు అతికించడమే తప్పు. పార్కులో కేంద్రం కడితే ముందు పోయేది అక్కడున్న ఆటే. నెలకింత ఫీజు కట్టే ముప్పైమంది కోసం, ఏమీ కట్టని మూడొందలమంది రోడ్డు మీదికి వస్తారు. గుర్రాలు లేవన్న మాటే గానీ ఇది ఆ 1881 నాటి లెక్కే.

కంచె లేకపోతే నాణ్యమైన శిక్షణ సాధ్యం కాదన్నది మరో అభ్యంతరం. దీనికి బొంబాయి మైదానాలే నిలబడి సమాధానం చెబుతాయి, అదీ జింఖానా గోడకు ఆనుకునే. ఆజాద్ మైదానం దక్షిణపు కొసన కంచె వెనక జింఖానా, ఇవతల 22 పిచ్‌లు. ఒక మ్యాచ్‌లో పాయింట్‌లో నిలబడ్డవాడు పక్క మ్యాచ్‌లో లాంగాన్‌లో ఉంటాడు, రెండు బంతుల మీదా కన్నుండాలి. 1988 ఫిబ్రవరిలో స్కూలు పిల్లలు సచిన్ టెండూల్కర్, వినోద్ కాంబ్లి హారిస్ షీల్డు స్కూళ్ల పోటీలో విడిపోకుండా 664 పరుగులు జోడించింది ఈ గేటు లేని గడ్డి మీదే. వాళ్లిద్దరికీ ఆట నేర్పిన రమాకాంత్ ఆచ్రేకర్ శిక్షణ కేంద్రం దాదర్‌లోని శివాజీ పార్కు. 1925లో జనానికి తెరిచిన ఆ పార్కులో క్లబ్బులకు నెట్స్ కట్టుకునే చోట్లున్నాయి, సామాన్లకు డేరాలున్నాయి, కోచ్‌లు ఫీజులూ తీసుకుంటారు. అంటే అక్కడ ప్రైవేటు శిక్షణ ఉంది, డబ్బూ ఉంది. లేనిదల్లా గేటు. నెట్స్ వెనక నిలబడి పేదింటి పిల్లాడు బౌలింగ్ చూసి నేర్చుకోవచ్చు. పిట్టగోడ మీద కూర్చున్న ముసలాయన తప్పు పట్టొచ్చు. సాయంత్రం నెట్స్ దింపితే ఆ చోటు మళ్లీ ఊరిది. 1948 నుంచి వానల్లో నడిచే కంగా లీగ్ క్రికెట్ పోటీ ఇలాంటి మైదానాల మీదే తరాలను తయారు చేసింది. టెస్టు జట్టుకు బొంబాయి పంపినంత మందిని మరే ఊరూ పంపకపోవడానికి కారణాలు అనేకం, స్కూళ్ల పోటీలూ ఆఫీసు జట్లూ అన్నీ కలిశాయి. అయినా ఆ గొలుసులో మొదటి కొక్కెం తెరిచి ఉన్న నేలే.

ఒప్పందంలో షరతులు రాస్తే సరిపోదా, ఉదయం పూట ప్రజలకు ఉచితమని, పేదపిల్లలకు కొన్ని సీట్లని? షరతులు రాయాలి. కానీ వాటి బతుకేమిటో కూడా బొంబాయే చూపింది. అక్కడి కార్పొరేషను ఆటస్థలాలనూ పార్కులనూ నిర్వహణ కోసం ప్రైవేటు సంస్థలకు అప్పగించే విధానం తెచ్చింది. బాగుచేసినందుకు బదులుగా కొంత భాగంలో కట్టడానికి అనుమతి. కొన్నిచోట్ల బాగుపడింది తక్కువ, క్లబ్బు భవనం ఎక్కువ. పిల్లల గడ్డి సభ్యుల రెస్టారెంటుకు ముంగిలి అయింది. నగరవాసులు ఏళ్ల తరబడి పోరాడారు. 2016లో అలాంటి విధానాన్నే కార్పొరేషను మళ్లీ ఆమోదిస్తే నిరసనల మధ్య ముఖ్యమంత్రి నిలిపివేయవలసి వచ్చింది. కాగితం మీది షరతును అమలు చేయాల్సిన అధికారి మూడేళ్లకు బదిలీ అవుతాడు, లీజు ముప్పై ఏళ్లు ఉంటుంది. తలుపు దగ్గర నిలబడే కాపలావాడికి ఒప్పందం నకలు ఎవరూ ఇవ్వరు.

కాబట్టి పార్కులోకి వచ్చే దాతను వెనక్కి పంపమని నేననను. నెట్స్ ఇవ్వనీ, పిచ్ వేయించనీ, కోచ్‌కు జీతం కట్టనీ, మరుగుదొడ్లు కట్టించనీ, బోర్డు మీద పేరు రాయించుకోనీ. కంచె మాత్రం వద్దు, సభ్యత్వం వద్దు, ఏటేటా పునఃపరిశీలన లేని లీజు అసలే వద్దు. హాలు తప్పనిసరైన ఆటకు వేరే నేల చూపాలి. ఇంకా ఒక పని సంతకానికి ముందే జరగాలి. నూటనలభై ఏళ్ల కిందట ఆ బొంబాయి కుర్రాళ్లు అర్జీలో చేసిన పని అది. ఒక మామూలు ఆదివారం, పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా, ఆ పార్కులో ఆడేవాళ్లనూ నడిచేవాళ్లనూ చెట్టు కింద పడుకున్నవాళ్లనూ కలిపి తలలు లెక్కపెట్టి, ఆ అంకెను ప్రతిపాదన మొదటి పేజీలో, కేంద్రంలో చేరబోయేవాళ్ల అంకె పక్కన రాయాలి.