ఊటీయా, కొడైకానలా? రెండు కొండలు, ఇద్దరు కలెక్టర్లు, మన రెండు ఊళ్లు



వేసవి ప్రయాణం ఎక్కడికన్న చర్చ మళ్లీ మొదలైంది. కోయంబత్తూరు వాళ్లు ఊటీ అంటున్నారు. మదురై వాళ్లు కొడైకానల్ అంటున్నారు. తేలకపోతే ఎవరి కొండకు వాళ్లు పోయి, ఎవరి ఫోటోలు వాళ్లు పెట్టుకుంటారు. రెండు ఊళ్ల పిల్లలు పెళ్లిళ్లలో తప్ప ఒకరి ముఖం ఒకరు చూడరు. చూసినప్పుడు తమిళంలో పలకరించుకుంటారు. ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడే తెలుగు బయట ఇంకెవరితో మాట్లాడాలో వాళ్లకు తెలియదు. అందుకే రెండు రోజులు అందరూ ఒకచోట ఉండటం ముఖ్యమని నా అభిప్రాయం. ఏ కొండ అన్నది తేల్చే ముందు ఈ రెండు కొండల కథ ఒకసారి చెప్పుకుందాం. కొంచెం పొడవైనా ఓపికగా చదవండి.

మనం ఊటీ, కొడై అని విడిపోవడం మన ఇష్టాయిష్టాల వల్ల వచ్చింది కాదు. రెండు వందల ఏళ్ల కిందటి జిల్లా సరిహద్దులు మన చేత అలా అనిపిస్తున్నాయి. ఊటీని కట్టించినవాడు కోయంబత్తూరు కలెక్టరు. కొడైకానల్ సరస్సు కట్టించినవాడు మదురై కలెక్టరు. ఏ కచేరీ కింద ఉన్నవాళ్లకు ఆ కొండ దగ్గరైంది.

రెండు కొండలూ కుంఫిణీ చేతికి వచ్చింది టిప్పు సుల్తాను నుంచే. 1792 శ్రీరంగపట్నం ఒడంబడికతో దిండిగల్ సీమ, దానితో పాటు పళని కొండల వైపు భూములు వచ్చాయి. 1799లో టిప్పు చనిపోయాక కోయంబత్తూరు సీమ, దానితో నీలగిరి వచ్చాయి.

మన పెద్దలు ఈ కొండల కింద కాపురం పెట్టింది అంతకు చాలా ముందు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో కుదురుకున్నాక సీమనంతా 72 పాళ్యాలుగా పంచారని మనందరికీ తెలుసు. ఆ పాళ్యాలలో కొన్ని పళని కొండల చుట్టూనే ఉన్నాయి. బోడినాయకనూరు పాళెగాళ్లు తాము గుత్తి నుంచి వచ్చామని చెప్పుకునేవారు. కొండ పాదం దగ్గరున్న విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు శివగంగ రాణి వేలు నాచ్చియారుకు ఆశ్రయమిచ్చాడు. తర్వాత కుంఫిణీ మీద తిరగబడ్డ పాళెగాళ్లను కూడగట్టి, 1801లో ఉరికంబం ఎక్కాడు. విరూపాక్షి అంటే ఇవాళ మనకు కొండ అరటిపండు మాత్రమే గుర్తొస్తుంది. పిల్లలకు ఈ మనిషిని కూడా చెప్పాలి.

ఇక ఊటీ సంగతి. 1812లో విలియం కీస్ అనే సర్వేదారు నీలగిరి ఎక్కి వచ్చాడు. 1818లో కోయంబత్తూరు కలెక్టరు కింద పనిచేసే విష్, కిండర్స్లీ అనే ఇద్దరు దొరలు ఎక్కి, పైన చల్లని దేశం ఉందని చెప్పారు. 1819 జనవరిలో కలెక్టరు జాన్ సల్లివాన్ స్వయంగా బయలుదేరాడు. కొండ మీద తొలి బంగళా కోటగిరి దగ్గర దింహట్టిలో కట్టాడు. తర్వాత ఊటీలో తోడవాళ్ల దగ్గర భూమి కొని రాతి ఇల్లు కట్టాడు. దాన్నే స్టోన్‌హౌస్ అంటారు. 1823లో సరస్సు తవ్వించడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు కూరగాయల సాగు పెట్టించాడు. మన సాంబారులో పడే క్యారెట్‌కూ బీన్స్‌కూ ‘ఇంగ్లీషు కాయగూరలు’ అనే పేరు మన అవ్వల నోట ఉండేది గుర్తుందా? ఆ కథ అక్కడ మొదలైంది.

సల్లివాన్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఈ భూమి తోడవాళ్లదే, వాళ్లకు హక్కుందని అతను పైవాళ్లతో వాదించాడు. గవర్నరు లషింగ్టన్‌కు అది నచ్చలేదు. రెండోది, ఆరోగ్యం ఇచ్చే ఊరని అందరికీ చాటిన ఆ మనిషి 1838లో భార్యనూ కూతురినీ ఆ ఊళ్లోనే పోగొట్టుకున్నాడు. సెయింట్ స్టీఫెన్స్ చర్చి వెనక వాళ్ల సమాధులున్నాయి. ఆ చర్చికి వాడిన దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు మహలు నుంచి తెచ్చినవి. ఊటీ వెళ్లినవాళ్లు పడవ ఎక్కి, చాక్లెట్ కొనుక్కుని దిగిపోతారు. ఆ దూలాల కింద ఒక్క నిమిషం నిలబడినవాళ్లు తక్కువ.

తర్వాత ఊటీ సర్కారు ఊరైంది. వేసవి వస్తే మద్రాసు గవర్నరు కచేరీ అంతా కొండెక్కేది. 1848లో బొటానికల్ గార్డెన్ పని మొదలైంది. 1860లలో మలేరియాకు క్వినైన్ తీయడానికి సింకోనా తోటలు వేశారు. 1868 వరకు నీలగిరి మన కోయంబత్తూరు జిల్లాలో భాగమే. 1873లో రైలు మేట్టుపాళ్యం వరకు వచ్చింది, 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి ఎక్కింది. 46 కిలోమీటర్ల దారి, 16 సొరంగాలు, 250 వంతెనలు. కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల పట్టీ ఉంటుంది. ఇంజను కింద పళ్ల చక్రం దాన్ని పట్టుకుని నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కోయంబత్తూరు వాళ్లకు నీలగిరి చేసిన మేలు చల్లగాలి ఒక్కటే కాదు. 1932లో పైకారా నీళ్లతో కరెంటు తీయడం మొదలైంది. ఆ కరెంటు కిందికి దిగి మన మిల్లులను తిప్పింది. అప్పటికే స్టేన్స్ మిల్లు, లక్ష్మీ మిల్లు నడుస్తున్నాయి. చవక కరెంటు వచ్చాక ఊరి చుట్టూ మిల్లులు, పంపుసెట్ల కార్ఖానాలు పెరిగాయి. నాయుళ్లు మిల్లు యజమానులైన కథ మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మిల్లుల్లో మూడు షిఫ్టులు పనిచేసిన తెలుగు కుటుంబాలు కూడా మన సంఘంలో ఉన్నాయి. ఆ రెండు రకాల ఇళ్లలోనూ వెలిగిన దీపం పైకారాదే.

ఇప్పుడు కొడైకానల్. 1821లో వార్డ్ అనే సైనిక సర్వేదారు పళని కొండల కొలత వేశాడు. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అక్కడ ఊరు వెలవలేదు. ఊరు కట్టింది అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు. 1834లో మదురైలో పని మొదలుపెట్టిన వాళ్లు ఎండకూ జ్వరాలకూ వరసగా చనిపోతున్నారు. ముందు సిరుమలై ఎక్కి చూశారు. అక్కడా జ్వరం వదల్లేదు. 1845లో కొడైకానల్లో రెండు బంగళాలు కట్టుకున్నారు. ఊటీ పెత్తనం కోసం పెరిగిన ఊరైతే, కొడై ప్రాణభయంతో పుట్టిన ఊరు. అందుకే కొడై చాలాకాలం చిన్నదిగా, నిదానంగా ఉండిపోయింది. మదురై కలెక్టరు వెరె లెవింజ్ 1863లో వాగుకు అడ్డుకట్ట వేయించి సరస్సు చేయించాడు. 1901లో మిషనరీ పిల్లల కోసం బడి పెట్టారు.

ఆ ఊరికి ఎలా వెళ్లేవారో వింటే మదురై వాళ్లకు సంతోషంగా ఉంటుంది. 1875లో మదురైకి రైలు వచ్చాక అమ్మయనాయకనూరులో దిగేవారు. ఇప్పటి కొడైరోడ్ స్టేషన్ అదే. అక్కణ్ణుంచి రాత్రంతా ఎద్దుబండి మీద పెరియకుళం దగ్గర కృష్ణమ నాయకుడి తోపుకు చేరేవారు. తెల్లారాక గుర్రం మీదో, కూలీలు మోసే కుర్చీలోనో కొండ ఎక్కేవారు. దిగే స్టేషన్ పేరులో ఒక నాయకుడు, బండి విప్పే తోపు పేరులో ఇంకో నాయకుడు! కుర్చీ మోసిన వాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. మోటారు దారి తెరుచుకున్నది మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే.

కొడైలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది సూర్యుణ్ణి చూసే అబ్జర్వేటరీ. 1876 నుంచి 1878 దాకా నడిచిన పెద్ద కరువును మన నల్లరేగడి ఊళ్లలో పెద్దలు తరాల తరబడి చెప్పుకున్నారు. సూర్యుడి మీద మచ్చలకూ మన వానలకూ సంబంధం ఉందేమో చూడాలన్న పట్టుదల అప్పుడు సర్కారులో బలపడింది. అలా 1899లో కొడైలో అబ్జర్వేటరీ వెలిసింది. 1909లో జాన్ ఎవర్షెడ్ సూర్యుడి మచ్చల్లో వాయువులు బయటికి పారుతున్నాయని అక్కడే కనుక్కున్నాడు. శాస్త్రంలో దానికి ఆయన పేరే పెట్టారు. అక్కడ వందేళ్లకు పైగా తీసిన సూర్యుడి ఫోటోలు దాచి ఉన్నాయి. వాన కోసం ఆకాశం చూసిన రైతుల మనవళ్లం మనం. పిల్లలకు చూపించదగ్గ చోటు ఇంతకంటే ఏముంది?

ఇంకో మాట. దొరలు రాకముందు ఈ కొండలు ఖాళీగా లేవు. నీలగిరిలో తోడ, కోట, బడగ, కురుంబ, ఇరుల జనం ఉన్నారు. పళని కొండల్లో పళియర్లు, పుళయర్లు, కున్నువర్లు ఉన్నారు. కున్నువర్లు తమ పూర్వీకులు కోయంబత్తూరు సీమ నుంచి వలస వచ్చారని చెప్పుకునేవారు. ఎక్కడి నుంచో వచ్చి నేల దున్ని ఆ నేలవాళ్లైపోయిన కథ మనకు కొత్త కాదు కదా. పూంబారై దిబ్బల మీద వెల్లుల్లి కొనేటప్పుడు అది గుర్తుంటే బేరం కొంచెం తగ్గుతుంది!

సరే, ఇప్పుడు లెక్కలు. కోయంబత్తూరు నుంచి ఊటీ 85 కిలోమీటర్లు. మదురై నుంచి అయితే 300 దాకా అవుతుంది. కొడైకి మదురై నుంచి దాదాపు 120, కోయంబత్తూరు నుంచి దాదాపు 170. ముసలివాళ్లతో, పసిపిల్లలతో వచ్చేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. రెండు కొండలకూ 2024 మే 7 నుంచి హైకోర్టు ఆదేశం మేరకు ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో ఊటీకి రోజుకు 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000 అని హద్దు పెట్టారు. కొడైకి 4,000, శని ఆదివారాల్లో 6,000. దీన్ని ఇబ్బంది అని విసుక్కునే ముందు ఒకటి ఆలోచించండి. నీలగిరి నీళ్లు కోయంబత్తూరుకు, పళని కొండల వాగులు పెరియకుళం మీదుగా వైగైకి వస్తాయి. పైన మనం పారేసింది కింద మన బిందెలోకే దిగుతుంది.

అందుకని నా మాట ఇది. ఈ ఏడు కొడై. శని ఆదివారాలు కాకుండా వారం మధ్యలో పెట్టుకుందాం. కోయంబత్తూరు వాళ్లు పొళ్ళాచ్చి, పళని మీదుగా రండి. 1920లో జి.డి. నాయుడు గారు తన మొదటి బస్సు నడిపింది ఆ పొళ్ళాచ్చి, పళని దారిలోనే. పళనిలో దర్శనం చేసుకుని ఘాటు ఎక్కండి. మదురై వాళ్లు అమ్మయనాయకనూరు, వత్తలగుండు మీదుగా రండి. సరస్సు దగ్గర కలుద్దాం. వచ్చే ఏడు ఊటీ. అప్పుడు మదురై వాళ్లు ముందురోజే వచ్చి కోయంబత్తూరు ఇళ్లలో పడుకోవాలి, పొద్దున్నే అందరం కలిసి మేట్టుపాళ్యంలో కొండ రైలు ఎక్కాలి. ఒకరి ఇంట్లో ఒకరు ఒక రాత్రి ఉంటే పిల్లలకు తెలుగు దానంతటదే నోటికొస్తుంది.

ఊటీ వైపు గట్టిగా ఉన్న పెద్దలు కోప్పడకండి. మీ వాదన కింద రాయండి, చదువుతాను. కానీ రాసేటప్పుడు ఇంట్లో ఎంతమంది వస్తారో, ఎవరికి మోకాళ్ల నొప్పులో కూడా రాయండి. వ్యాను మాట్లాడాలి, ఈ-పాస్ తీయాలి. ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలు చెంబులు తెచ్చుకోండి. చలికి కంబళ్లు మరవకండి.