బొర్రా తల్లి రాయి

అనంతగిరి కొండల్లో, సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తున బొర్రా గుహలున్నాయి. ఇప్పుడవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వస్తాయి. లోపల బిడ్డను ఎత్తుకున్న తల్లి, గడ్డం పెంచిన రుషి మనకు కనిపిస్తారు. వాటిని ఏ శిల్పీ చెక్కలేదు. మట్టిలోంచి దిగే వాన నీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాయిని కరిగిస్తుంది. పైకప్పు నుంచి చుక్కలుగా రాలేటప్పుడు ఆ సున్నమే కాల్సైట్‌గా పేరుకుంటుంది. పైనుంచి ఊడల్లా దిగుతుంది, కింద పుట్టల్లా పెరుగుతుంది. ఏడాదికి మిల్లీమీటరైనా పెరగని ఆ రాయి తల్లి రూపు తెచ్చుకోవడానికి వేల ఏళ్లు పట్టింది.

ఈ గుహలను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఒక ఆంగ్లేయుడు కనుగొన్నాడని పర్యాటకుల కోసం వేసే పుస్తకాలు రాస్తాయి. ఆ సంస్థ పుట్టిందే 1851లో! మన పెద్దలు చెప్పే కథ వేరు. కొండ మీద మేస్తున్న ఆవు ఒక కంతలోంచి కింద పడింది. దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం లాంటి రాయి కనిపించింది. శివుడే ఆవును కాపాడాడని ఊరివాళ్లు గుడి కట్టుకున్నారు. గుహలోంచి పారే ఏరు గోస్తని అయింది. ఈ కథకు తారీఖు లేదు. కానీ గుహలోకి ముందు దిగింది ఈ కొండ మనిషేనని చెబుతుంది.

తల్లి రూపాన్ని కట్టిన కాల్సైట్ కోసమే తర్వాత గనుల వాళ్లు వచ్చారు. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ప్రభుత్వం గిరిజనేతరులకు లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1/70 చట్టంలోని 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని తేల్చింది. గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చంది. నేటికీ 'సమత తీర్పు' అని చెప్పుకునేది దీన్నే.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలను బొర్రాకు తీసుకెళ్లినప్పుడు రాళ్లను తాకనివ్వకండి. చేతి జిడ్డు అంటిన చోట రాయి పెరగదు. కాపరి కథ చెప్పండి, నీటి చుక్క పని చూపించండి. తిరిగి వచ్చాక తరగతిలో ఆ తీర్పు చదివించండి. రేపు మన ఊరికి లీజు కాగితం వస్తే గ్రామసభలో లేచి మాట్లాడాల్సింది ఈ పిల్లలే.