కెన్యాలో సంతానోత్పత్తి రేటు

తూర్పు ఆఫ్రికా దేశమైన కెన్యాలో సంతానోత్పత్తి రేటు ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉండేది. 1977-78 సర్వే ప్రకారం ఒక్కొక్క స్త్రీకి సగటున 8 మంది పిల్లలు. సహారాకు దక్షిణాన ఉన్న దేశాలలో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని అందరికంటే ముందుగా, 1967లోనే, చేపట్టినప్పటికీ తొలి పదేళ్ళలో ఫలితం కానరాలేదు. శిశుమరణాలు తగ్గి, బాలికల చదువు పెరిగి, గర్భనిరోధక సాధనాలు పల్లెలకు చేరిన తరువాతనే, 1980లలో, తగ్గుదల స్పష్టమైనది. 1989లో 6.7గా, 1998లో 4.7గా ఉన్న ఈ రేటు 2003లో మరల 4.9 అయినది. నిధులు, శ్రద్ధ ఎయిడ్స్ నివారణ వైపు మళ్ళడం ఇందుకొక కారణమని జనాభా శాస్త్రవేత్తలు భావిస్తారు. 2014లో 3.9కి, 2022లో 3.4కి దిగినది. అయితే సగటును మాత్రమే చూస్తే పొరబడతాము. 2022 సర్వేలోనే రాజధాని నైరోబీలో రేటు 2.5 కాగా, సోమాలియా సరిహద్దున ఉన్న మండేరా కౌంటీలో 7.7. ఇది దాదాపు 1970ల నాటి కెన్యా సగటుకు సమానం.