రంగూన్ తరలింపు: నడవలేనివారి ఊసెత్తని చరిత్ర

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. ఆనాటి నగర జనాభాలో సగానికి మించి భారతీయులే. రేవు కూలీలుగా, బియ్యపు మిల్లుల పనివారుగా, పారిశుద్ధ్య శ్రామికులుగా వలసపోయిన తెలుగువారు వారిలో వేలాదిమంది; గోదావరి ముఖద్వారాన ఉన్న రేవు పేరుతో వారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు.

ఓడ టికెట్టు దొరికినవారు సముద్రం దాటారు. తక్కినవారికి కాలిబాటే గతి అయింది. ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ గుండా అరకాన్ తీరానికి కొందరు, మాండలే, తమూ మీదుగా మణిపూర్‌కు మరికొందరు, మొత్తం లక్షలాదిగా నడిచారు. దారిలో మరణించినవారు పదివేలని కొందరు, యాభైవేలని కొందరు అంచనా వేశారు. గుంపు వెంట నడవలేని కుంటివారికి, దారి కానరాని అంధులకు ఆ అడవిదారి ఏపాటి ఆసరా ఇచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

1942 ఫిబ్రవరిలో నగరాన్ని ఖాళీ చేయమన్న ఉత్తర్వు వెలువడింది. ఆ హడావిడిలో జైలు తలుపులతోపాటు, నాటి మాటలో ‘పిచ్చాసుపత్రి’ తలుపులూ తెరిచేశారు. కాపలా లేదు, తిండి పెట్టే దిక్కు లేదు. రోగులు ఖాళీ వీధుల్లో తిరిగారు. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను ఏం చేయాలో మాత్రం ముందే ఆలోచించారు, కాల్చివేశారు. మార్చి 8న రంగూన్ జపాను వశమైంది.

ఆనాటి ఆంగ్లేయుల జ్ఞాపకాలలో ఈ రోగులు కనిపిస్తారు గాని, దోపిడీలు, గృహదహనాల వర్ణనల మధ్య, నగరానికి దాపురించిన ఒక ప్రమాదంగా కనిపిస్తారు. ప్రమాదంలో పడినది వారేనన్న స్పృహ ఆ పుటలలో అరుదు. చరిత్రకారులు సైతం చాలాకాలం ఆ చూపునే అరువు తెచ్చుకున్నారు.

వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. సాయుధ సంఘర్షణల్లో వారి రక్షణ రాజ్యం బాధ్యత అని దాని 11వ అధికరణం చెబుతుంది. 2016 నాటి చట్టంలోని 8వ సెక్షన్ మరో అడుగు ముందుకు వేసి, ప్రతి జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన పరిధిలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలని, ముప్పు వేళ వారికి సమాచారం అందించాలని శాసించింది. 2025 మే 7న దేశమంతటా పౌర రక్షణ విన్యాసాలు జరిపినప్పుడు కేంద్రం రాష్ట్రాలకు సూచించిన అంశాలలో తరలింపు ప్రణాళికల సవరణ, సాధన ఉన్నాయి. జాబితాలో అందరికన్నా ముందున్నది మాత్రం సైరన్. బధిరులకు అది వినిపించదు.