కాలువ గట్టున కెమెరా పెట్టె

అంబాజీపేటను కొబ్బరి బేరమునకు పేరుపడిన ఊరుగా మాత్రమే ఎరిగినవారికి, మా పెంకుటిండ్ల నడవలలో చూరు క్రింద వరుసగా వ్రేలాడు పాత ఛాయాపటములు కొంత ఆశ్చర్యము గొల్పును. పట్టణములకు దూరమైన ఈ దీవిలో, నీరుకావి పంచెలు కట్టిన రైతులును, శాలువలు కప్పుకొన్న పండితులును, పెండ్లిపీటలపై తల వంచుకొన్న బాలికలును కనురెప్పల వెండ్రుకలు సయితము లెక్కింపనగునంత స్పష్టముగా ఎట్లు నిలిచిరని అడిగినయెడల, అందులకు కారణము ఒక బరువైన టేకుపెట్టెయు, దానిని మోసిన సైకిలును.

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న మా సీమకు, 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట, కాలువలే రాజమార్గములయ్యెను. ధాన్యమును, కొబ్బరికాయలును, పెండ్లివారును పడవలపైననే సాగెడివారు. కెమెరావంటి సుకుమారమైన వస్తువునకు కుదుపులేని పడవకంటె మేలైన వాహనము లేదని ఎవరికైనను తోచును. కాని మా పెండ్లిండ్లలో అధికభాగము వైశాఖ జ్యేష్ఠములందే జరుగును. సార్వా నాట్లకు ముందు మరమ్మతులకై కాలువలు కట్టివేయునదియు ఆ దినములందే. నీరు తీసిన కాలువలో పడవ ఒరిగి పడియుండగా, గట్టుపై మిగిలిన త్రోవ ఒక సైకిలు పోవుటకు చాలినంత మాత్రమే. మా ప్రాంతపు ఛాయాగ్రాహకులు పడవను విడిచి సైకిలును నమ్ముకొనుటకు ఈ పంచాంగమే మూలమని నా నిశ్చయము.

అంతకు పూర్వకాలమున ఇది సాధ్యము కాకపోయెడిది. 1851లో వెలువడిన తడిప్లేటు పద్ధతిలో, గాజుపలకపై రసాయనమును పూసి, అది ఆరకమునుపే చిత్రము తీసి, అక్కడికక్కడనే చీకటి గుడారములో కడుగవలసియుండెను. అట్టి సరంజామాకు బండ్లును, పరివారమును కావలెను. నిజాము ప్రభువు ఆదరమునకు పాత్రుడైన రాజా దీనదయాళునివంటి వారికి పరివారము కలదు. పల్లెటూరి వృత్తికారునకు ఎక్కడిది? 1871లో పొడిప్లేటును, 1885లో సమానమైన రెండు చక్రముల సైకిలును, 1888లో గాలి నింపిన రబ్బరు టైరును వచ్చి, మూడును కలిసిన తరువాతనే ఒంటరి మనుష్యుడు కెమెరాతో పల్లెకు బయలుదేరగలిగెను.

నా బాల్యమున మా ఊరివారెల్లరు ఫోటోల మాస్టారని పిలిచెడి పెద్దమనిషి సైకిలునకు సామాను కట్టుకొనుచుండగా చూచుట మాకొక వేడుక. వారిది హాఫ్‌ప్లేటు కెమెరా. టేకుచట్రము, ఇత్తడి మూలలు, తోలు మడతల బెలోసు. కెమెరా, స్లైడులు, ముక్కాలి స్టాండు, నల్లగుడ్డ, చుట్టిన పరదా అన్నియు కలిపి మణుగు బరువునకు తక్కువ కాదు. వెనుక క్యారియరుపై మొదట నాలుగు మడతల గోనె, దానిపై పాత బొంతముక్క, ఆపైన కెమెరా పెట్టె. దానిని బిగించుటకు త్రాడు గాక, పాత ట్యూబును నిడుపుగా కోసిన రబ్బరు పట్టీలు. త్రాడు కుదుపును పెట్టెకు చేర్చుననియు, రబ్బరు తానే మ్రింగుననియు వారు చెప్పెడివారు. స్టాండు సైకిలు నడిమి గొట్టము వెంబడి, కాలికి తగులకుండ రెండు చోట్ల కట్టబడెడిది. ప్లేట్ల పెట్టె మాత్రము ఎన్నడును సైకిలు ఎక్కలేదు. అది మాస్టారి భుజమునుండి ప్రక్కకు వ్రేలాడెడిది. గాజుపలకలు పరుండబెట్టిన పగులును, అంచుపై నిలువబెట్టిన నిలుచును. అందునను మనిషి ఒడలివంటి స్ప్రింగు వేరొకటి లేదు. బయలుదేరుటకు ముందు టైర్లలోని గాలిని కొంచెము తీసివేయుటయు వారి అలవాటు. త్రొక్కుట కష్టమైనను సామాను సుఖపడును.

వాన కురిసిన దినమున గట్టుమీది ఒండ్రుబురద మడ్గార్డులలో పట్టి చక్రము తిరుగకుండ చేసెడిది. అప్పుడు కొబ్బరి ఈనెలకట్టతో బురదను రాల్చుకొనుచు, అడుగడుగునకు ఆగుచు నడిపించుకొని పోవుటే గతి. బోదెలపై తాటిపట్టెల వంతెనలు వచ్చినచోట పని మూడు విడతలుగా జరిగెడిది: మొదట ప్లేట్లు, పిమ్మట కెమెరా, కడపట సైకిలు భుజముపై. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వేసిన రైలుమార్గమును ద్వితీయ ప్రపంచసంగ్రామ కాలమున ఊడదీసిన తరువాత, ఆ దిక్కునుండి రావలసిన ప్లేట్లును మందులును కోటిపల్లి రేవు దాటి ఈ విధముగనే చేరవలసివచ్చెను.

ఆరు స్లైడులు, ఒక్కొక్కదానిలో రెండు ప్లేట్లు, వెరసి పండ్రెండు. పండ్రెండు మించి మోయుటకు వీలులేదు గనుక, దేనిని తీయవలె, దేనిని విడువవలె నను విచారణ మాస్టారికి ఇల్లు కదలకమునుపే ఆరంభమయ్యెడిది. పెండ్లిలో తలంబ్రాలకొకటి, దంపతులకు రెండు, బంధువర్గమంతటికి ఒకటి. ఎవరింటనైన పెద్దవారు గతించిరని కబురు వచ్చినచో, పగటి వెలుతురు తగ్గకమునుపే చేరవలెనని, మిట్టయెండలో అన్నము మాని బయలుదేరుట నేనెరుగుదును. ఆ కుటుంబమునకు ఆ ఒక్క ప్లేటే తండ్రి రూపము. నల్లగుడ్డలో తల దూర్చి, గరుకుటద్దముపై తలక్రిందుగా కనబడు జనమును సరిచూచుకొని, బయటికి వచ్చి, “ఆయ్, ఊపిరి బిగబట్టండి బాబూ, కదలకండి” అని లెన్సుమూతను తీసి, పెదవులు కదలకుండ లెక్కపెట్టుకొని మరల మూసెడివారు.

కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కూడు తీర్థమునకును ఆ సైకిలు పోయెడిది. గంగలకుర్రు ప్రభలు కౌశికలో దిగి, మోయువారి మెడలవరకు నీరుండగా ఒడ్డునకెక్కు దృశ్యమునకై వేలజనము వచ్చును. అయినను మాస్టారి పటములలో ప్రభలన్నియు తోటలో నిలిచియున్నవే గాని, నీట నడుచునది ఒక్కటియు లేదు. మూత తీసి మూసెడి ఆ కెమెరాకు కదలెడి ప్రభ పొగవలె చెదరియుండును. ఆ పొగకొక ప్లేటును వ్యయము చేయుటకు వారికి మనసొప్పలేదు.

ఇంటికి చేరినను శ్రమ తీరదు. వేసవిలో కూజానీరు సయితము వెచ్చబడగా, ప్లేటుపైనున్న జెలటిను పొర కరగి జారిపోవును. అందుచేత మాస్టారు తెల్లవారుజామున, రాత్రియంతయు పెరటిలో చల్లారిన కుండనీటితో, ఎర్రదీపమునొద్ద కడిగి, పటికనీటిలో ముంచి గట్టిపరచెడివారు.

మా ఊరి సమీపమున లంకల గన్నవరములో వెలసిన అన్నదాత డొక్కా సీతమ్మగారి ఛాయాచిత్రమును, సప్తమ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భమున దొరతనమువారు తీయించి పంపించిరని మా సీమలో చెప్పుకొందురు. అట్టి మహనీయురాలికొరకు కెమెరా ఏ విధముగనైన వచ్చును. సామాన్యులకొరకు వచ్చినది సైకిలుపైననే. అందువలన మా ప్రాంతపు చిత్రచరిత్రకు ఎల్లలు కూడ ఆ సైకిలే గీచినది. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు ప్లేట్లతో మరలి రాగలిగిన ఊళ్ళలో ప్రతి నడవలోను పటములు కలవు. రెండు రేవులు దాటవలసిన లంకగ్రామములలో, చేతిసంచిలో ఇముడు ఫిల్ము కెమెరాలు వచ్చువరకు, చాల కుటుంబములకు ఒక్క పటమైనను లేదు. మా అమ్మమ్మ పుట్టినిల్లు అట్టి లంకలోనిదే.

ఊరి చరిత్రను సేకరింపబూనిన మేము కొందరము ఇప్పుడు ఇంటింటికి పోయి, పటముల వెనుక అట్టలపై ఊరును, సంవత్సరమును, నిలుచున్నవారి పేర్లను పెద్దలచేత చెప్పించి వ్రాయుచున్నాము. కాలువకు ఈవలి వీధులు పూర్తియైనవి. ఆవలి గట్టువారి ఇండ్లు ఇంకను మిగిలియున్నవి.